ఇరవై మూడో నంబరు పాస్

అది రెండు వేల రెండో సంవత్సరం. సింగపూర్‌లో కంపెనీలన్నీ ఒకేచోట ఉండే సైన్స్ పార్క్ అనే పేటలో, ఒక ఆరంతస్తుల బిల్డింగ్‌కి నేను లాబీ సెక్యూరిటీ గార్డుని. పొద్దున్న ఏడింటికి కూర్చుంటే సాయంత్రం ఏడింటికి లేవడం. నేను చదివింది ఐదో తరగతి, అదీ విజయనగరం పక్క పల్లెలో. అంకెలు రాయగలను, కార్డు మీది ఇంగ్లీషు పేరుని చూసి అలాగే దించగలను. అంతకుమించి చదువు లేదు గానీ, ఒకసారి చూసిన మొహం, విన్న మాట మాత్రం నన్ను వదిలిపోవు. ఇది మంచిదో చెడ్డదో ఈ సంగతంతా విన్నాక మీరే చెప్పాలి.

మా ఆయన తాతలు ఓడల్లో వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అందులో సగం అరవం, పావు మలాయ్. పెళ్లయి వచ్చిన కొత్తలో మా అత్త "పసార్‌కి పోయి మీన్ కొనుక్కురా" అంటే బజారుకెళ్లి చేపలు తెమ్మంటోందని తెలియక గుమ్మంలో గుడ్లప్పగించి నిలబడ్డాను. ఆ ఇంట్లో నేర్చుకున్న అరవం తర్వాత నాకు అన్నం పెట్టింది. నేను చెప్పబోయే తప్పు కూడా ఆ అరవంలోనే జరిగింది.

గార్డు పనంటే కూర్చోవడమే కదా అంటారు చాలామంది. కూర్చోవడమే, కాదనను. కానీ కూర్చున్న మనిషి తలలో ఎప్పుడూ ఒక లెక్క నడుస్తూ ఉండాలి. బయటి మనిషి వస్తే అతని గుర్తింపు కార్డు తీసుకుని నా సొరుగులో పెట్టుకుంటాను. లాగ్ బుక్ అని పెద్ద పుస్తకం ఉంటుంది. అందులో పేరు, అంతస్తు, వచ్చిన టైము, చేతిలో బ్యాగ్ ఉందా లేదా, అన్నీ రాసి మెడలో వేసుకోవడానికి నంబరున్న విజిటర్ పాస్ ఇస్తాను. తిరిగి వెళ్లేటప్పుడు పాస్ తీసుకుని, కార్డు ఇచ్చేసి, ఔట్ అన్న గడిలో టైము వేస్తాను. సాయంత్రానికి ఆ గడుల్లో ఒక్కటి ఖాళీగా ఉన్నా లోపల ఎవరో ఉన్నట్టే. అన్నీ నిండాక మా సూపర్‌వైజరు సలీం అంకుల్ పేజీ మీద వేలు పెట్టి పైనుంచి కిందికి లాగి, "క్లియర్" అంటాడు. ఆ మాట వింటేనే నేను చెప్పులేసుకునేది.

అమెరికాలో ఆ రెండు టవర్లు కూలాక, ఇక్కడ కూడా కొందరిని పట్టుకున్నారని పేపర్లో వచ్చాక, మాకు కొత్త రూలు పెట్టారు. ఎవరి సంచీ అయినా విప్పించాలి, చూడాలి, ట్యాగ్ కట్టాలి. ట్యాగ్ అంటే చూశామని గుర్తుగా కట్టే నంబరు చీటీ. పైకి తీసుకెళ్లరానిది అనిపిస్తే లాబీలో బీరువాలో పెట్టించాలి. సలీం అంకుల్ మలాయ్ ముస్లిం, గడ్డం నెరిసిన మనిషి, పాతికేళ్ల సర్వీసు. ఆ రూలు వచ్చిన రోజున ముందు తన టిఫిన్ బ్యాగ్ తెచ్చి నా కౌంటర్ మీద పెట్టి, "నాది మొదట విప్పు పైడమ్మా. అందరూ చూసేట్టు విప్పు," అన్నాడు. లోపల అన్నం, ఎండుచేప. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

మా బిల్డింగ్‌లో ఐదో అంతస్తు చివర్న ఒక చిన్న ఆఫీసు ఉండేది. ఏదో చల్లటి దేశం వాళ్లది. యుద్ధాల్లో ఇల్లూ వాకిలీ పోయి, ఆ దేశంలో బతకడానికి చోటు అడిగేవాళ్లని మంగళవారం, గురువారం అక్కడ కూర్చోబెట్టి ప్రశ్నలడిగేవారు. దాన్ని స్క్రీనింగ్ ఇంటర్వ్యూ అనేవారు, మనిషిని జల్లెడ పట్టడమన్నమాట. సింగపూర్ అలాంటివాళ్లని ఉంచుకోదు. కొద్దిరోజులు ఉండనిచ్చే విజిట్ పాస్ మీద చుట్టాల ఇంటికి వచ్చి, గడువు అయ్యేలోపు ఆ ఇంటర్వ్యూ చూసుకుని వెళ్లిపోవాలి. అలా వచ్చినవాళ్లని నేను గాజు తలుపు అవతల ఉండగానే గుర్తుపట్టేదాన్ని. ఫైలు గుండెకి హత్తుకుని నడుస్తారు. పాస్ ఇస్తే ప్రసాదం తీసుకున్నట్టు రెండు చేతులు పడతారు.

వాళ్ల గురించి కింద పెద్ద వాదనలు నడిచేవి. మూడో అంతస్తులో సాఫ్ట్‌వేర్ కంపెనీ. అందులో మధు అని గుంటూరు కుర్రాడు, సునీత అని కరీంనగర్ అమ్మాయి పనిచేసేవారు. నేను తెలుగుదాన్నని తెలిశాక నాలుగింటికి కాఫీ కప్పులు పట్టుకుని నా కౌంటర్ దగ్గరే నిలబడి పేపరు చదివేవారు. పేపర్లో రోజూ అదే గొడవ, అలాంటివాళ్లని రానివ్వాలా వద్దా అని దేశదేశాల వాళ్ల ఉత్తరాలు.

"వెయ్యి మందిలో ఒక్కడు దొంగ కాగితాలతో దూరితే చాలు, అయిపోతాం," అన్నాడు మధు ఒకరోజు.

"నువ్వు దూరలేదా? నీ రెజ్యూమేలో ఆ మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఏ ఊళ్లో చేసినవ్?" అంది సునీత.

"అది వేరు. నావల్ల ఎవరూ చావలేదు."

"నీ కోడ్ వాడేటోళ్లని అడగాలె ఆ ముచ్చట."

మధు నావైపు తిరిగాడు. "మీరు చెప్పండి ఆంటీ. మీ ఇంటి తలుపు కొడితే ముందు ఎవరని అడుగుతారా, అడగరా?"

"అడుగుతాను బాబూ."

"చూశావా," అన్నాడు సునీతతో.

"అడిగి, వాళ్లు చెప్పాక కూడా తలుపు తియ్యకపోతే ఎలా అని కూడా అనుకుంటాను," అన్నాను. ఇద్దరికీ నచ్చేట్టు మాట్లాడానని ఆ పూట నాకు భలే గర్వంగా ఉండింది.

ఆ గురువారం ఊరంతా పొగ. సముద్రం అవతల అడవులు తగలబడితే ఆ పొగ గాలికి ఇక్కడిదాకా వస్తుంది, హేజ్ అంటారు. సూర్యుడు ఉడికిన గుడ్డు సొనలా ఉన్నాడు. కౌంటర్ తుడిచిన అరగంటకే మళ్లీ సన్నటి బూడిద పేరుకునేది. ఎదుటి బిల్డింగ్ ఉందో లేదో తెలియదు. తొమ్మిది దాటాక ఆ పొగలోంచి ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు, చంకలో ఫైలు. రెండు చేతుల్లో ఒక గుడ్డ మూట.

కార్డు ఇచ్చాడు. కందసామి, శ్రీలంక. విజిట్ పాస్ శనివారం దాకానే ఉంది.

"మూట విప్పాలి ఐయా," అన్నాను అరవంలో.

"ఇది విప్పేది కాదు తంగచ్చీ," అన్నాడు. తంగచ్చి అంటే చెల్లెలు.

మూట వైపు చూశాను. తెల్లగుడ్డ మాసి పచ్చబడిపోయింది. మెడ దగ్గర మూడు ముళ్లు. అడుగున చెంబు గుండ్రంగా తెలుస్తోంది. ఆయన దాన్ని చేతికి తగిలించుకోలేదు, కౌంటర్ మీద దించలేదు. పసిబిడ్డని కొత్తవాళ్లకి చూపించేటప్పుడు పట్టుకున్నట్టు రొమ్ము ఎత్తున పట్టుకున్నాడు. ఏముంది అందులో అని అడగడం నా డ్యూటీ. నా నోటివెంట వేరే మాట వచ్చింది.

"ఎవరు?"

"మా ఇంటావిడ," అన్నాడు.

ఏడేళ్లయిందట. సముద్రంలో కలిపేది కొడుకే కావాలని ఆవిడ చివరి మాట. కొడుకు అంతకుముందే ఆ చల్లటి దేశం చేరాడు. వీళ్లు మాత్రం క్యాంపు నుంచి క్యాంపుకి తిరుగుతూ ఉండిపోయారు. ఇక్కడ మేముండే వుడ్‌ల్యాండ్స్ పేటలోనే మేనకోడలి అత్తవారింట్లో దిగాడు. అస్థికలు ఇంట్లోకి వద్దన్నారు, అది న్యాయమే. ఆ అపార్ట్‌మెంట్ బ్లాకు కింద చెట్టుకి కడితే ఊడ్చేవాళ్లు చెత్తనుకుని తీసేయబోయారు. అప్పట్నుంచీ ఎక్కడికి వెళ్లినా చేతిలోనే.

"ఎయిర్‌పోర్టులో విప్పలేదా?"

"మెషీన్లో పంపి చూశారు. దహనం చేసిన కాగితం ఫైల్లో ఉంది. ముడి మాత్రం ఎవరూ ముట్టలేదు."

మా అయ్య పోయినప్పుడు మూడో రోజు ఏరిన అస్థికల్ని ఊరి చివర చింతచెట్టు కొమ్మకి కట్టారు. కలిపేదాకా నేలకి తగలకూడదు, ఇంటి కప్పు కిందికి రాకూడదు, ముడి విప్పేది కలిపే చెయ్యే అయి ఉండాలి. అదంతా నాకు ఉగ్గుపాలతో వచ్చిన సంగతి. ఆ మూటని విప్పి, పిజ్జా డబ్బాలూ లాప్‌టాప్ సంచులూ పెట్టే బీరువాలో పెట్టడానికి నాకు చేతులు రాలేదు. సలీం అంకుల్ వెనక గేటు దగ్గర సరుకు లారీలు చూస్తున్నాడు. అడిగి ఉంటే వద్దనేవాడు. అందుకే అడగలేదు.

బయట కార్లు ఆగేచోట దేవగన్నేరు చెట్టు ఉంది. పెద్దాయన్ని తీసుకెళ్లి, చేతికందే కొమ్మ చూపించాను. ఆయనే కట్టాడు.

"పైనుంచి కనిపిస్తుందా?" అని అడిగాడు.

"మీరు కూర్చునే గది కిటికీ ఇటే ఉంది," అన్నాను.

లోపలికి వచ్చి పాస్ ఇచ్చాను. ఇరవై మూడో నంబరు. లాగ్ బుక్‌లో బ్యాగ్ అన్న గడి దగ్గర ఒక్క క్షణం పెన్ను ఆగింది. మనిషిని పట్టుకుని బ్యాగ్ అని ఎలా రాస్తానని నాకు నేనే చెప్పుకున్నాను. 'నో బ్యాగ్' అని రాశాను.

పెద్దాయన లిఫ్టెక్కాక నా చూపు ఆ చెట్టు మీదే. ఆకు కదలడంలేదు. హేజ్ పట్టిన రోజున గాలి ఆడదు. అయినా ఆ మూట మెల్లగా ఒక పక్కకి తిరగడం, కాసేపు ఆగడం, మళ్లీ రెండో పక్కకి తిరగడం. కొత్తగా కట్టిన గుడ్డ మెలి విప్పుకుంటోందని ఇప్పుడు చెప్పగలను. ఆ రోజు మాత్రం, ఆవిడ ఎవరికోసమో అటూ ఇటూ చూస్తోందనిపించింది.

పదకొండు కొట్టిన కాసేపటికి నా వాకీటాకీ గరగరలాడింది. సలీం అంకుల్. "ముందు గేటు దగ్గర చెట్టుకి ఏదో వేలాడుతోందట. రెండో అంతస్తు నుంచి ఫోను చేశారు. ఎవరిదో తెలియదట. నువ్వు చూశావా?"

నేను నోరు తెరిచాను. అదే క్షణంలో బెల్ మోగింది.

ఎవరిదో తెలియని మూట కనిపిస్తే ముందు బెల్ కొట్టి తర్వాత ప్రశ్నలు అడగాలి, ఆ ఏడాది రూలు అది. దాన్ని ఇవాక్యుయేషన్ అంటారు, బిల్డింగ్‌ని మనుషుల్లేకుండా ఖాళీ చేయడం. మెట్ల మీద నుంచి జనం వరదలా దిగారు. నా పని కార్డుల సొరుగు, లాగ్ బుక్ చంకన పెట్టుకుని వెనక తలుపు గుండా రోడ్డు దాటడం. అవతలి గట్టు మీద అసెంబ్లీ పాయింట్ అని బోర్డు పాతి ఉంటుంది, ఇలాంటప్పుడు అందరూ చేరాల్సిన చోటు. రోడ్డు దాటుతూ చెప్పేద్దామనుకున్నాను. చంకలో ఉన్న పుస్తకంలో నా చేత్తో రాసిన 'నో బ్యాగ్' ఉంది. గట్టు ఎక్కాక చెబుదాంలే అనుకున్నాను. గట్టు ఎక్కేసరికి పోలీసులు వచ్చేశారు.

విజిటర్లు తొమ్మిది మంది. పాసులు వెనక్కి తీసుకుని ఔట్ టైము వేశాను. ఎనిమిది వచ్చాయి.

"ఇరవై మూడు ఎవరు?" సలీం అంకుల్ పేజీ మీద వేలు ఆపి అడిగాడు.

ఐదో అంతస్తు ఆఫీసులో రిసెప్షన్ చూసే మిస్ లిమ్ ముందుకొచ్చింది. "ఆ పెద్దాయన. బెల్ మోగింది, రమ్మన్నాను. తనది నాలుగో నంబరు, ఇంకా పిలవలేదు అన్నాడు. నా వెనకే వస్తాడనుకున్నా."

అప్పుడందరూ తలెత్తారు. పొగలో బిల్డింగ్ సగమే కనిపిస్తోంది. ఐదో అంతస్తు కిటికీలో ఒక మొహం. కదలదు. సరిగ్గా దాని కిందే చెట్టు, చెట్టుకి మూట. మూట మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. ఖాళీ బిల్డింగ్‌లో ఫోన్లు మోగుతున్నాయి. ముందు మూడో అంతస్తులో ఒకటి, అది ఆగితే నాలుగులో ఇంకొకటి. అమెరికా నుంచి క్లయింట్లట. ఎత్తేవాళ్లు లేక ఒక్కొక్కటే మోగి మోగి ఆగిపోవడం గట్టు మీదికి స్పష్టంగా వినిపించింది. నూట యాభై మందిమి ఆ మోతలే వింటూ నిలబడ్డాం.

ముందు మాట్లాడింది మధే. "బాంబు కింద, మనిషి పైన. పొద్దున్న ఆయన్ని చూశాను ఆంటీ, అదే మూట పట్టుకుని వస్తున్నాడు. తెలిసినవాడు కాబట్టే దిగడంలేదు."

"తెల్వనోడు కాబట్టే దిగుతలేడేమో," అంది సునీత. అన్నదే గానీ ఆ అమ్మాయి కూడా ఒక అడుగు వెనక్కి వేసింది.

పైనున్న పెద్దాయన పేరేంటని ఎవరో అడిగారు, ఆ పేరు ఏ దేశంవాళ్లదో ఇంకెవరో చెప్పారు. ఆ మాట గట్టంతా పాకింది. నా కళ్ల ముందే, నేను ఆ గడిలో అబద్ధం రాయడం వల్లే, ఏడేళ్లు పెళ్లాన్ని మోసిన మనిషి పావుగంటలో ఇంకెవరో అయిపోయాడు. ఇంటర్వ్యూ చేసే దొరసాని కూడా అక్కడే ఉంది. చేతులు కట్టుకుని కిటికీ వైపే చూస్తోంది. ఆవిడ ఒక్క మాట రాస్తే ఆయన కొడుకు దగ్గరికి చేరే దారి అక్కడితో మూసుకుపోతుంది.

సలీం అంకుల్ చెయ్యి పట్టుకున్నాను. "అంకుల్, ఆ మూట నేనే కట్టించాను."

చెప్పిందంతా విన్నాడు. లాగ్ బుక్ తెరిచి, నేను రాసింది చూశాడు. "చెబితే నీ లైసెన్సు పోతుంది."

"చెప్పకపోతే ఆయన పోతాడు."

"నా మీద అనుమానం వస్తే నాకోసం ఎవరైనా ఇలా చెబుతారా అని చాలాసార్లు అనుకున్నాను," అన్నాడు. పుస్తకం మూసి, "పద," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు మా అమ్మాయికంటే నాలుగేళ్లు పెద్దదేమో అన్నట్టుంది. నేను చెబుతున్నంతసేపూ అడ్డురాలేదు. అయ్యాక ఒక్కటే అడిగింది.

"నువ్వు విప్పి చూశావా?"

"లేదు మేడమ్."

"మరి లోపల ఉన్నది అదేనని నీకెలా తెలుసు?"

ఆయన పట్టుకున్న తీరు అని చెప్పబోయాను. ఆ గట్టు మీద, ఆ పోలీసు బండ్ల మధ్య, ఆ మాటకి ఏ బరువూ లేదని నాకే తెలిసింది. "కాగితం ఫైల్లో ఉందన్నారు," అన్నాను. ఆ ఫైలు ఆయన దగ్గరే ఉంది, ఆయన ఐదో అంతస్తులో ఉన్నాడు.

మైకులో ఇంగ్లీషులో పిలిచారు, దిగి రమ్మని. మొహం కదల్లేదు. రెండోసారి, మూడోసారి పిలిచారు. మనుషుల్ని లోపలికి పంపడానికి ఇన్‌స్పెక్టరు సిద్ధమవుతోంది. హెల్మెట్లు పెట్టుకుంటున్నారు.

"ఆయన రాడు మేడమ్," అన్నాను. "క్యాంపుల్లో తిరిగిన మనిషి. వరస వదిలి లేస్తే నంబరు పోతుందని భయం. ఆ నంబరు పిలిస్తేనే లేస్తాడు."

ఆవిడ నావైపు చూసి, మైకు నా చేతిలో పెట్టింది. "పిలువు."

సలీం అంకుల్ నెమ్మదిగా అన్నాడు, "వస్తాడు. ఎక్కడికి వస్తున్నాననుకుని వస్తాడో చూసుకో."

ఆ మాట నాకు అర్థమైంది. అర్థమయ్యే పిలిచాను. "నాలుగో నంబరు. కందసామి ఐయా. లోపలికి రండి," అన్నాను అరవంలో, ఆఫీసులో పిలిచినట్టే. నా గొంతు ఆ ఖాళీ గోడలకి తగిలి వెనక్కి వచ్చింది. అది నా గొంతులా లేదు.

కిటికీలో మొహం మాయమైంది.

నాలుగు నిమిషాలు పట్టింది. గాజు తలుపు తెరుచుకుంది. జుట్టు మళ్లీ దువ్వుకున్నాడు. చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు. ఫైలు గుండెకి హత్తుకుని, మొహం మీద చిన్న నవ్వుతో, ఎవరో లోపలికి రమ్మన్న ఇంట్లోకి అడుగుపెడుతున్నట్టు వచ్చాడు. ఎదురుగా పోలీసులు. ఆ నవ్వు వెంటనే పోలేదు, కాసేపు అలాగే ఉండిపోయింది. అదే నాకు ఇప్పటికీ కళ్లకి కడుతుంది.

ఫైల్లో కాగితం దొరికింది. అయినా విప్పాల్సిందే అన్నారు. "నేను విప్పుతాను, దూరం నుంచే మీరు చూడండి," అని పెద్దాయన బతిమాలాడు. కుదరదన్నారు. ఒళ్లంతా దళసరి కవచం తొడుక్కున్న మనిషి, మొహం కూడా కనిపించకుండా, నీళ్లలో నడిచినట్టు ఒక్కో అడుగూ వేసుకుంటూ పొగలోకి వెళ్లాడు. పనిముట్టుతో మూడు ముళ్లూ కోశాడు. గుడ్డ జారింది. రాగి చెంబు మూత తీశాడు. సన్నటి బూడిద కొంచెం పైకి లేచి గాల్లో నిలబడింది. పొద్దుటి నుంచీ మా అందరి మీదా పడుతున్న బూడిదలో కలిసిపోయింది. ఏది అడవిదో ఏది ఆవిడదో చెప్పడానికి లేదు. గట్టు మీద ఒకరిద్దరు భుజాలు దులుపుకోబోయి ఆగిపోయారు. మధు దులుపుకోలేదు. ఆ అబ్బాయి తల వంచుకుని నిలబడ్డాడు.

వెళ్లేముందు ఇన్‌స్పెక్టరు నా దగ్గరికి వచ్చింది. "నువ్వు చెప్పింది నిజమే అయింది. కానీ అది నీ అదృష్టం. నీకు తెలిసి కాదు," అంది. ఆ రోజు నాకు కోపమొచ్చింది. తర్వాత ఎన్ని విధాల ఆలోచించినా ఆ మాటలో తప్పు దొరకలేదు.

జరిగిందంతా నా తప్పేనని సలీం అంకుల్ ఇంగ్లీషులో రాశాడు, నేను సంతకం పెట్టాను. ఒక కాపీ దొరసాని తన ఫైల్లో పెట్టుకుంది. నా లైసెన్సు ఆర్నెల్లు ఆపేశారు. సొరుగులో ఉన్న కార్డు పోలీసులు పెద్దాయనకి ఇచ్చేశారు. ఆ గందరగోళంలో మెడలోని పాస్ ఎవరూ అడగలేదు.

మర్నాడు శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి వచ్చి, "అమ్మా, కింద ఎవరో అంకుల్. పైకి రమ్మంటే నో నో అంటున్నాడు లా," అంది ఇక్కడి పిల్లల యాసలో. దిగి వెళ్లాను. పెద్దాయన బ్లాకు బయట, కప్పు కిందికి రాకుండా నిలబడి ఉన్నాడు. మా ఇల్లెక్కడో సలీం అంకుల్‌ని అడిగి తెలుసుకున్నాడట. చేతిలో మూట, కొత్త గుడ్డతో. పోలీసులు మధ్యాహ్నం తిరిగి ఇచ్చారట. ముళ్లు తనే వేశాడట.

"నిన్న ఆగిపోయిందని ఇవాళ పిలిచి అడిగారు తంగచ్చీ. గంటసేపు అడిగారు."

"ఏమన్నారు?"

"ఉత్తరం వస్తుందన్నారు. రేపు వెళ్లిపోతున్నాను."

నిన్నటి సంగతికి క్షమించమన్నాను. ఆయన మూట వైపు చూస్తూ చెప్పాడు, తిట్టినట్టు కాదు, ఒంట్లో నలత చెప్పుకున్నట్టు చెప్పాడు.

"నిన్న నువ్వు పిలిచినప్పుడు నిజంగానే నా వంతు వచ్చిందనుకున్నాను. ఇవాళ వాళ్లు నాలుగో నంబరని పిలిస్తే లేవలేదు. మళ్లీ పోలీసులేమో అనుకుని కూర్చుండిపోయాను. రెండోసారి పిలిచాకే లేచాను. ఎందుకు లేవలేదని ఆవిడ ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో తెలియదు."

"గుక్కెడు నీళ్లయినా తాగి వెళ్లండి," అని గ్లాసుతో తెచ్చాను. నిలబడే తాగి, మూట ఎత్తి పట్టుకుని, బస్సు స్టాపు వైపు వెళ్లాడు. పొగ ఇంకా పోలేదు. పది అడుగుల తర్వాత ఆయన చొక్కా కనపడలేదు, ఇరవై అడుగుల తర్వాత మూట కూడా.

ఆర్నెల్లకి లైసెన్సు తిరిగొచ్చింది, కానీ ఆ బిల్డింగ్‌లో కాదు, ఒక షాపింగ్ సెంటర్‌లో వేశారు. సలీం అంకుల్ అప్పుడప్పుడూ ఫోను చేసేవాడు. కొత్త గార్డులు భయపడుతున్నారని చెప్పేవాడు. పాసులు తగిలించే మేకుల వరసలో ఇరవై రెండు తర్వాత ఇరవై నాలుగు. పాత పేజీలో ఔట్ గడి ఖాళీ. లిఫ్టు ఎవరూ నొక్కకుండా ఐదులో ఆగినప్పుడల్లా "ఇరవై మూడు ఇంకా పైనే ఉన్నాడు" అనుకునేవారట. మొదట నవ్వులాటకే అన్నారు. తర్వాత్తర్వాత ఆ మాట అనాల్సి వస్తే గొంతు తగ్గించేవారట. కొత్త పాస్ చేయిద్దామంటే సలీం అంకుల్ ఒప్పుకోలేదు. లోపలున్న మనిషి నంబరు ఇంకొకరికి ఎలా ఇస్తామన్నాడు.

నాలుగేళ్లయ్యాక ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. "పైడమ్మా, ఇరవై మూడు వచ్చింది," అన్నాడు. నేను పొయ్యి ఆపేశాను.

మనిషి కాదు, కవరు. బిల్డింగ్ అడ్రసు రాసి, సెక్యూరిటీ అని రాసి ఉంది. స్టాంపు మీద మంచు పడ్డ చెట్టు. లోపల ఉత్తరం లేదు, పేరు లేదు. పాస్ ఒక్కటే. దాని తాడుని ఎవరో విప్పి, ఉతికి, మళ్లీ మూడు ముళ్లు వేసి కట్టారు. కవరు మీది చేతిరాత చూద్దామని నేనే వెళ్లాను. గట్టి చెయ్యి, వయసులో ఉన్నవాళ్ల చెయ్యి. పెద్దాయనే అక్కడికి చేరి కొడుకు చేత రాయించాడా, ఆయన తర్వాత ఆయన సామానులో ఇది దొరికితే కొడుకు పంపాడా, నాకు తెలియలేదు. ఏదైనా ఇద్దరూ కొడుకు దగ్గరికి చేరే ఉంటారని మాత్రం అనుకున్నాను. ఈసారి కూడా అది నాకు తెలిసి కాదు.

సలీం అంకుల్ పాత లాగ్ బుక్ తీయించాడు. పేజీలో ఆ ఒక్క గడి తెల్లగా ఉంది. పెన్ను నాకిచ్చాడు. ఆ రోజు తేదీ, టైము వేశాను. పెన్ను వెనక్కి జరిపి, ఇన్నేళ్ల నా బాకీ తీర్చుకుంటున్నట్టు, బ్యాగ్ అన్న గడిలో 'నో బ్యాగ్' కొట్టేసి, 'ఒకరు' అని తెలుగులో రాశాను. ఆయన వేలు పైనుంచి కిందికి లాగి, "క్లియర్" అన్నాడు.

ఆ తర్వాత పదకొండేళ్లు అదే పని చేశాను. ఎవరి సంచీ అయినా సరే విప్పించాను, ముసలివాళ్లదైనా, నా దేశం వాళ్లదైనా. విప్పే ముందు ఇది ఎవరిదని అడిగాను. బస్సుల దగ్గర, ఆస్పత్రి క్యూలో, కౌంటర్ దగ్గర ఎంతోమంది నంబర్లు నా చేతిమీదుగా వెళ్లాయి. నిజంగా వంతు వస్తే తప్ప ఎవరినీ వంతు వచ్చిందని పిలవలేదు. జనం అరిచినా పిలవలేదు. మైకు పట్టుకున్నప్పుడల్లా ఆ గాజు తలుపు తెరుచుకుంటుంది, జుట్టు దువ్వుకుని ఆయన నవ్వుతూ వస్తాడు. ముందు ఆయనకి దారిచ్చి, తర్వాత పిలుస్తాను.